అరకు తోటలు ఎవరి కోసం?

హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌ను ఉర్దూలో బాగ్-ఎ-ఆమ్ అంటారు. బాగ్ అంటే తోట. ఆమ్ అంటే సామాన్య జనం. శాసనసభ భవనం, జూబ్లీహాలు, షాహీ మసీదు ఆ ఆవరణలోనే ఉన్నాయి. జుమా నమాజు ముగించుకుని వచ్చినవారు కాసేపు అక్కడి చెట్ల నీడన కూర్చుంటారు. పక్కనే పల్లీలు అమ్ముకునే మనిషీ గంప దించి కూర్చుంటాడు. ఆ తోటలో యజమాని ఎవరు, అతిథి ఎవరు అన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. దాని పేరులోనే జవాబు ఉంది.

అదే ప్రశ్నను తూర్పు కనుమల్లోని అరకు లోయకు తీసుకువెళ్తే జవాబు అంత తేలికగా దొరకదు. అక్కడ తోటలున్నాయి, జలపాతాలున్నాయి, గుహలున్నాయి, మబ్బులు కాళ్ల కింద కనిపించే కొండలున్నాయి. విశాఖపట్నం, విజయనగరం ప్రాంతాల్లో ఉండే ఈ పేజీ పాఠకుల్లో చాలామంది సెలవులకు పిల్లాపాపలతో అక్కడికి వెళ్లివచ్చినవారే. కానీ ఆ తోటలు ఎవరివి? వాటిలో ఆడుకునే పిల్లలెవరు? గేటు దగ్గర వసూలైన రూపాయి ఎక్కడికి పోతుంది? చూడటానికి ఇవి చిన్న ప్రశ్నలే. అయితే 2025 ఆరంభంలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నలే మన్యం అంతటినీ రెండు రోజులపాటు స్తంభింపజేశాయి.

పండుగ ఒకవైపు, బంద్ మరోవైపు

2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు ప్రభుత్వం అరకులో చలి ఉత్సవం నిర్వహించింది. మైదాన ప్రాంతాల నుంచి జనం కార్లలో, బస్సుల్లో తరలివచ్చారు. థింసా నృత్యాలు జరిగాయి. పదిరోజులు కూడా గడవకముందే, ఫిబ్రవరి 11, 12 తేదీల్లో, అదే లోయలో గిరిజన సంఘాలు 48 గంటల బంద్ పాటించాయి. దుకాణాలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, సందర్శకులతో కిటకిటలాడే చోట్లు బోసిపోయాయి.

ఈ బంద్‌కు కారణం ఏమిటి? జనవరిలో విశాఖపట్నంలో జరిగిన ఒక పర్యాటక పెట్టుబడుల సమావేశంలో రాష్ట్ర శాసనసభాపతి చింతకాయల అయ్యన్నపాత్రుడు మాట్లాడుతూ, ఏజెన్సీలో పర్యాటకం అభివృద్ధి చెందాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న అభిప్రాయం వెలిబుచ్చారు. ఆ మాట కొండలెక్కి గిరిజన గూడేలకు చేరింది. హోటళ్ల పేరుతో, రిసార్టుల పేరుతో తమ భూమి చేజారిపోతుందన్న భయం ఒక్కసారిగా బయటపడింది. చివరికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా కల్పించుకుని, 1/70 చట్టాన్ని తొలగించే ఆలోచన ప్రభుత్వానికి లేదని ప్రకటించవలసి వచ్చింది.

గొడవ సద్దుమణిగింది. కానీ ప్రశ్న మిగిలే ఉంది. 2024 డిసెంబరులో ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానాన్ని ప్రకటించి, పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమ అన్నాక దానికి భూమి కావాలి. అరకులో భూమి ఎవరిది అన్న చర్చ రేపో ఎల్లుండో మళ్లీ వస్తుంది. కాబట్టి ఆవేశం చల్లారిన వేళే ఈ విషయాన్ని నిదానంగా ఆలోచించడం మంచిది.

అక్కడ ఉన్నవి ఏమిటి?

అరకు విశాఖపట్నానికి దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పటి నుంచి అది పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, కోందు మొదలైన తెగలవారు ఇక్కడి మూలవాసులు.

ఇక్కడికి వచ్చేవారు మొట్టమొదట చూసేది పద్మాపురం ఉద్యానవనం. దాని పుట్టుక తెలుసుకోదగ్గది. 1942లో, రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలంలో, సైనికులకు కూరగాయలు సరఫరా చేయడానికి దీన్ని ఒక వ్యవసాయ క్షేత్రంగా మొదలుపెట్టారు. యుద్ధం ముగిసింది, సైనికులు వెళ్లిపోయారు, కూరగాయల మళ్లు క్రమంగా పూలతోటగా మారాయి. సుమారు 26 ఎకరాల ఈ తోటలో నేడు గులాబీల వనం, పిల్లలు ఎక్కే చిన్న రైలు, చెట్ల మీద కట్టిన కుటీరాలు ఉన్నాయి. అంటే ఈ తోట మొదటి నుంచీ బయటివారి అవసరం కోసం పుట్టినదే. మొదట సైనికుడి ఆకలి కోసం, తర్వాత సందర్శకుడి వినోదం కోసం. గిరిజనుడు మాత్రం ఆనాడూ ఈనాడూ అందులో పనివాడే.

ఊళ్లోనే 1996లో ఏర్పాటైన గిరిజన మ్యూజియం ఉంది. మట్టిగోడల ఇళ్ల నమూనాలు, వేట పనిముట్లు, నగలు, వంట సామగ్రి, పెళ్లి వేడుకల బొమ్మలు అందులో ఉంచారు. గిరిజన సంస్కృతిని గౌరవించాలన్న తలంపు మెచ్చుకోదగ్గదే. కానీ గాజు అద్దాల వెనక బొమ్మగా ఉన్న గిరిజనుడికి దక్కిన ఆదరణ, ఆ మ్యూజియం బయట తేనె సీసాలు అమ్ముకునే గిరిజనుడికి దక్కుతున్నదా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

అనంతగిరి ఘాట్ రోడ్డులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గాలికొండ మలుపు దగ్గర వాహనాలు ఆపి జనం లోయను చూస్తారు. డుంబ్రిగుడ మండలంలో చాపరాయి దగ్గర విశాలమైన బండల మీదుగా నీరు జారుతుంది. బొర్రా గుహల్లో సున్నపురాయి కరిగి, గడ్డకట్టి యుగాలుగా చెక్కుకున్న ఆకారాలు చూపరులను అబ్బురపరుస్తాయి. ఆ గుహల మీదుగానే రైలు పట్టాలు వెళ్తాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గం అది. 2017 ఏప్రిల్‌లో ఆ రైలుకు అద్దాల పెట్టె జోడించిన తర్వాత ప్రయాణమే ఒక వినోదమైంది. పాడేరు వైపు వంజంగి కొండ, చింతపల్లి వైపు లంబసింగి చలికాలపు తెల్లవారుజామున జనంతో నిండిపోతున్నాయి.

ఈ జాబితాను మరోసారి చూడండి. వీటిలో మనిషి నాటిన తోట ఒకటీ అరా మాత్రమే. మిగిలినవన్నీ కొండ, నీరు, రాయి, మబ్బు, అడవి. వాటిని ఏ శాఖా నిర్మించలేదు. తరతరాలుగా అడవిని నరికి అమ్ముకోకుండా అక్కడే బతికినవారు ఉన్నందువల్లే అవి మన వరకు మిగిలాయి. పాడేరు సమీపాన మత్స్యగుండం అనే మడుగు ఉంది. అందులోని చేపలను స్థానికులు పవిత్రంగా భావిస్తారు, ఎవరూ పట్టరు. దానికి కంచె వేయనక్కరలేకపోయింది. ఊరి కట్టుబాటే కంచె అయింది. ఏ అధికారీ నేర్పకముందే ప్రజలు తమ నీటిని ఎలా కాపాడుకున్నారో చెప్పడానికి ఈ ఒక్క మడుగు చాలు.

గోడ మీది పిల్లలు

కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులను వెంటబెట్టుకుని రైల్లో ఈ కొండలకు వెళ్లాను. ఒకచోట ఒక తోట ముందు టికెట్ల వరుసలో నిలబడ్డాం. టికెట్టు పెద్ద ధరేమీ కాదు. గేటు పక్కన ప్రహరీ గోడ మీద నలుగురైదుగురు గిరిజన పిల్లలు కూర్చుని లోపలి ఉయ్యాలలను చూస్తున్నారు. మా పిల్లల్లో చిన్నవాడు నా చేయి పట్టుకుని అడిగాడు.

"ఉస్తాద్, ఇది వీళ్ల ఊరి తోటే కదా, మరి వీళ్లు లోపలికి రారా?"

పక్కనే మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న తల్లి ఆ మాట విని నవ్వింది. "మా పిల్లలు లోపలికెళ్లి ఏటి సేత్తారు బాబూ? బడి లేని రోజు నాలుగు పొత్తులమ్మితే ఉప్పూ పప్పుకొస్తాది" అంది.

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది. తమ ఊళ్లోని తోట తమది కాదన్న సంగతి ఆ తల్లికి ఎండావానల్లా మామూలు విషయమైపోయింది. మా చిన్నవాడికి మాత్రం అది వింతగా తోచింది. ఆనాడు నేను వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఒక విధంగా ఆ బాకీ తీర్చే ప్రయత్నమే.

ఒక తోటను ప్రజల తోట అనాలంటే మూడు విషయాలు చూడాలి. మొదటిది, ప్రవేశం. ఆ ఊరి పేదవాడి బిడ్డ తలెత్తుకుని లోపలికి వెళ్లగలగాలి. రెండవది, ఆదాయం. అక్కడ పుట్టిన రూపాయిలో ఆ ఊరికి తెలిసిన వాటా, లెక్క చూపే వాటా ఉండాలి. మూడవది, నిర్ణయం. ఏ కొండ మీద ఏమి కట్టాలి, ఎంతమందిని రానివ్వాలి అన్న మాట ఆ ఊరిని అడిగాకే తేలాలి. ఈ మూడింటిలో మొదటిది దయతో కూడా దొరకవచ్చు. మిగిలిన రెండూ హక్కుగానే దొరకాలి. ఆ హక్కుకు ఆధారం భూమి. 1/70 అన్న అంకెలు వినగానే మన్యం ఎందుకు ఉలిక్కిపడుతుందో ఇక్కడే తెలుస్తుంది.

చట్టం చెప్పేదేమిటి?

గిరిజనుల భూమి అప్పుల కిందా మోసాల కిందా మైదానపు వర్తకుల చేతుల్లోకి పోతున్నదని బ్రిటిష్ ప్రభుత్వమే గుర్తించి 1917లో ఏజెన్సీ భూముల బదిలీపై ఆంక్షలు పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాల భూ బదిలీ నిబంధన తెచ్చింది. అందులోనూ సందులు మిగిలాయి. ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుడికి భూమి అమ్ముకునే వీలు ఉండిపోయింది. 1970లో చేసిన మొదటి నిబంధన ద్వారా ఆ సందు మూశారు. దానినే మనం 1/70 అంటున్నాం. దీని సారాంశం చాలా సులువు. షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని, అది ఎవరి చేతిలో ఉన్నా సరే, గిరిజనేతరుడికి బదిలీ చేయడం చెల్లదు. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం ఆ గిరిజనేతరుడిదే.

మన పాఠకులకు ఈ నియమం కొత్తగా అనిపించనక్కరలేదు. వక్ఫ్ చేసిన ఆస్తి గురించి మనకు తెలుసు. ఆ ఆస్తిని అమ్మకూడదు, దాని ఫలాన్ని మాత్రం ఉద్దేశించినవారికి అందించాలి. ఈ తరం అవసరం పేరుతో రాబోయే తరాల వాటాను కరిగించకూడదు. ఆ చట్టం వేరు, ఈ చట్టం వేరు. కానీ రెండింటి వెనుక ఉన్న ఇంగితం ఒకటే. కొన్ని ఆస్తులు అమ్ముకోవడానికి కాదు, అమానత్‌గా కాపాడుకోవడానికి ఉంటాయి.

ఇక సుప్రీంకోర్టు తీర్పు సంగతి. అది బొర్రా గుహల పరిసరాల నుంచే పుట్టింది. అనంతగిరి మండలంలో బొర్రా రిజర్వు అటవీ ప్రాంతం, దాని చుట్టూ ఉన్న 14 గ్రామాల పరిధిలో గనుల తవ్వకాలకు ప్రభుత్వం గిరిజనేతరులకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంలో జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ ఎస్.సగీర్ అహ్మద్ ఒకవైపు నిలవగా, జస్టిస్ జి.బి.పట్నాయక్ విభేదించారు. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రభుత్వం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని మెజారిటీ తీర్పు తేల్చింది. భూమిని కాపాడవలసిన ప్రభుత్వమే దాన్ని పంచిపెట్టే చేయి కాకూడదన్నది ఆ తీర్పు సారం. ఏజెన్సీలో జరిగే పారిశ్రామిక కార్యకలాపాల నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కనపెట్టి, తాగునీరు, బడులు, ఆసుపత్రులు, పారిశుధ్యం, రోడ్ల కోసం ఖర్చుచేయాలని కూడా చెప్పింది.

ఆ తీర్పు గనుల వివాదంలో వచ్చినది, పర్యాటకం గురించి కాదు. ఈ తేడాను మనం దాచకూడదు. అయినా అందులోని నీతి గని దగ్గర ఆగిపోయేది కాదు. కొండను తవ్వి సంపాదించినవాడు ఊరికి వాటా ఇవ్వాలంటే, కొండను చూపించి సంపాదించినవాడు ఎందుకు ఇవ్వకూడదు? పైగా ఇప్పుడు పర్యాటకాన్ని పరిశ్రమ అని ప్రభుత్వమే అంటున్నది. పరిశ్రమకు ఇచ్చే రాయితీలు తీసుకునే వేళ పరిశ్రమ, బాధ్యత అడిగే వేళ వినోదం అంటే కుదరదు.

దీనికి తోడు 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ చట్టం ఉంది. పెసా అని పిలిచే ఈ చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను, లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. దానికి ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు రూపొందడానికి 2011 వరకు పట్టింది. చట్టం పుట్టాక నిబంధనలకే పదిహేనేళ్లు గడిచాయంటే, ఆచరణ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పెట్టుబడి వాదంలో నిజమెంత?

అవతలి పక్షం వాదన కూడా న్యాయంగా వినాలి. వారు అనేదేమిటంటే, గిరిజనుడి దగ్గర హోటలు కట్టే డబ్బు లేదు. భూమి కొనే వీలు లేకపోతే బయటివాడు పెట్టుబడి పెట్టడు. పెట్టుబడి రాకపోతే ఉద్యోగాలు రావు, సందర్శకులకు మరుగుదొడ్లు కూడా ఉండవు. ఉన్న చట్టాన్ని కూడా బినామీ పేర్లతో తప్పించుకుంటూనే ఉన్నారు కదా, ఆ దొంగచాటు వ్యవహారం కంటే బహిరంగంగా అనుమతిస్తే పోలేదా అంటారు.

ఇందులో మొదటి సగం నిజం. పెట్టుబడి కావాలి. సీజన్‌లో అరకు వెళ్లిన ఏ ఆడపడుచును అడిగినా శుభ్రమైన మరుగుదొడ్డి కోసం పడిన అవస్థ చెబుతుంది. కానీ రెండో సగం వాదన నిలవదు. దొంగతనం జరుగుతున్నది కాబట్టి తాళం తీసేద్దామని ఏ ఇంటి పెద్దా అనడు. తాళం గట్టిది వేయించుకుంటాడు. బినామీలుంటే వారిని పట్టుకోవాలి, చట్టాన్ని శిక్షించకూడదు.

అంతేకాదు, భూమి చేతులు మారకుండానే వ్యాపారం పెరిగిన ఉదాహరణ అరకులోనే ఉంది. అది కాఫీ. చిన్న చిన్న కమతాల్లో గిరిజన కుటుంబాలు పండించిన గింజ నేడు విదేశాల్లో కూడా పేరు తెచ్చుకుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని, తేనెను, అటవీ ఉత్పత్తులను కొని అమ్ముతున్నది. ధర విషయంలో, చెల్లింపుల విషయంలో రైతులకు ఫిర్యాదులు లేవని కాదు. కానీ కాఫీ తోట గిరిజనుడి పేరు మీదే ఉంది. గింజకు సాధ్యమైనది గదికి ఎందుకు సాధ్యం కాదు? సొంత ఇంట్లో ఒక గది కట్టుకుని సందర్శకులకు బస ఇచ్చేందుకు గిరిజన కుటుంబానికి రుణం, శిక్షణ ఇస్తే 1/70 ఎక్కడా అడ్డురాదు. గిరిజన మహిళా సంఘం క్యాంటీన్ నడిపినా, గిరిజన యువకుల సహకార సంఘం జీపులు తిప్పినా ఆ చట్టం అడ్డురాదు. అది ఆపేది పర్యాటకాన్ని కాదు, భూమి బదిలీని మాత్రమే.

బయటి ప్రపంచంలో కూడా ఇందుకు దృష్టాంతాలున్నాయి. ఆస్ట్రేలియా ఎడారిలో ఉలురు అనే మహా శిల ఉంది. దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. 1985లో ఆ భూమి యాజమాన్యాన్ని అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు ప్రభుత్వం తిరిగి అప్పగించింది. వారు దాన్ని జాతీయ ఉద్యానవనంగా నడపడానికి ప్రభుత్వానికే 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. అంటే అక్కడ ప్రభుత్వం అద్దెకున్నది, ఆదివాసి యజమాని. ఆ శిల తమకు పవిత్రమైనదని, దాని మీదికి ఎక్కవద్దని వారు ఎంతో కాలంగా కోరుతూ వచ్చారు. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించారు. ఉద్యానవనం మాత్రం సందర్శకులకు తెరిచే ఉంది. యజమాని మాట చెల్లుబాటైనంత మాత్రాన అతిథికి తలుపు మూసుకుపోదని ఇది చెబుతున్నది.

ఏమి చేయవచ్చు?

ఇవి ఆకాశానికి నిచ్చెనలు వేసే కోరికలు కావు. ప్రభుత్వం తలచుకుంటే ఈ ఏడాదిలోనే మొదలుపెట్టగలిగినవి. ఏజెన్సీలోని ప్రతి తోటలో, ప్రతి సందర్శన స్థలంలో ఆ మండలం పిల్లలకు ప్రవేశం ఉచితం చేయాలి. గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు అక్కడ మొక్కల పాఠం, నేల పాఠం చెప్పించాలి. పద్మాపురం తోటలోని చెట్టు పేరు బొటానికల్ భాషలో రాసిన పలక మీదే, ఆ చెట్టును గదబ, కోందు, పోర్జ పెద్దలు ఏమని పిలుస్తారో తెలుగు లిపిలో రాయాలి. గోడ మీద కూర్చున్న పిల్లవాడు లోపలికి వచ్చి తన అవ్వ మాట పలక మీద చదువుకున్న రోజున ఆ తోట అతనిదవుతుంది.

గేటు ఆదాయంలో గ్రామసభ వాటాను ముందే నిర్ణయించి, నెల నెలా వసూలైన మొత్తం, ఊరికి చేరిన మొత్తం గేటు ముందు బోర్డు మీద రాయాలి. లెక్క కనిపిస్తే అనుమానం తగ్గుతుంది. ఆ డబ్బు మొదట ఖర్చు కావలసింది తాగునీటికి, రోడ్డుకు. సందర్శకుల కారు నేరుగా కొండ అంచుదాకా వెళ్తుంటే, నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్లే గూడేలు అదే జిల్లాలో ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం అడవితల్లి బాట పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టడం హర్షణీయం. అది శంకుస్థాపన ఫలకాల దగ్గర ఆగిపోకూడదు. వినోదానికి వేసిన రోడ్డు కంటే ప్రసవానికి వేసిన రోడ్డు ముందు పూర్తికావాలి.

ఇక గూడేల్లో పిల్లలకు ఆటస్థలం అన్న మాట ఏ ప్రణాళికలోనూ గట్టిగా వినిపించదు. అడవే వారి ఆటస్థలం కదా అని మనం సర్దిచెప్పుకుంటాం. మన పిల్లలకు ఉయ్యాల కావాలి, జారుడుబల్ల కావాలి, వారికి మాత్రం చెట్టుకొమ్మ చాలునా? బడి ఆవరణలో రెండు ఉయ్యాలలు, ఒక బంతి, ఒక చదునైన మైదానం ఇవ్వడానికి ఏ పెట్టుబడిదారూ రానక్కరలేదు.

అతిథి ధర్మం

ప్రభుత్వం సంగతి అలా ఉంచి, వెళ్లే మనం ఎలా వెళ్తున్నాం? అక్టోబరు నుంచి అరకు పొలాల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు పూస్తాయి. అది పార్కు కాదు, ఒక రైతు పంట. వలిసె గింజల నుంచి నూనె తీస్తారు. ఫోటో కోసం చేలోకి దిగి పూలు తొక్కేవారు, పది ఇరవై రూపాయలు అడిగిన రైతుతో బేరమాడేవారు ఎందరో. నగరంలో కారు నిలిపినందుకు మాట్లాడకుండా చెల్లించే చేయి, తొక్కిన పంటకు పరిహారం ఇవ్వడానికి ఎందుకు ముడుచుకుంటుంది?

వంజంగి కొండ మీద మబ్బులు తేలిపోయాక మిగిలేవి ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ పొట్లాలు. వాటిని ఏరవలసింది మళ్లీ ఆ ఊరివారే. మన సీసా మన సంచిలోనే కిందికి దిగాలి. అడగకుండా ఎవరి ముఖం మీదా కెమెరా పెట్టకూడదు. ఆ తల్లి ముక్కుకు ఉన్న కమ్ములు మన వినోద వస్తువు కాదు. థింసా వారికి చైత్రమాసపు పండుగల్లో, పెళ్లిళ్లలో ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడే ఆనందం. మనకోసం ఆడితే సరైన ప్రతిఫలం ఇవ్వాలి, గౌరవంగా చూడాలి. తాగి కేకలు వేసే మూకను చూసి గూడెం ఆడపిల్లలు తలుపులు వేసుకునే పరిస్థితి ఏ పర్యాటక విధానానికీ శోభనివ్వదు. బస గిరిజనుల ఇంట్లో దొరికితే అక్కడే దిగండి. తేనె, పసుపు, మిరియాలు పండించినవారి చేతి నుంచే కొనండి. మన సెలవు రోజు ఒకరి జీవనాధారం అయితే ఆ ప్రయాణానికి అందం వస్తుంది.

మెహమాన్‌ను ఆదరించడం ఇంటివాడి ధర్మమని మనం గర్వంగా చెప్పుకుంటాం. మెహమాన్‌కు కూడా ఒక ధర్మం ఉంది. ఇంటివాడి మంచం మీద కూర్చోవచ్చు గాని, ఇంటి దస్తావేజు అడగకూడదు. అరకు గిరిజనులు ఇన్నేళ్లుగా మనకు మంచం వేశారు, చల్లని గాలి ఇచ్చారు, దారి చూపారు. 2025 ఫిబ్రవరిలో వారు చేసిన బంద్ అతిథులను పొమ్మనడం కాదు. దస్తావేజు జోలికి రావద్దని చెప్పడం మాత్రమే.

ఆనాడు మా చిన్నవాడు అడిగిన ప్రశ్నకు ఈనాడు నేను చెప్పగలిగిన జవాబు ఇది. నాయనా, ఆ పిల్లలు గోడ మీద కూర్చున్నంత కాలం అది బాగ్ మాత్రమే. వారు గేటులోంచి లోపలికి నడిచి వచ్చి, ఉయ్యాల ఎక్కి, ఇది మా ఊరి తోట అని మీకు చూపించిన రోజున అది బాగ్-ఎ-ఆమ్ అవుతుంది. ఆ రోజు రావాలంటే కొత్త చట్టాలు అక్కరలేదు. ఉన్న చట్టాన్ని నిలబెట్టుకుంటే చాలు.